మైల నోరు

దగ్గు గొంతులో పురుగులా కదిలింది. లువాన్ షూజెన్ చీపురు ఆపి, పెదవులు బిగించి, ముక్కుతో మెల్లగా ఊపిరి తీసుకుని, దాన్ని లోపలికే మింగేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మోచేత్తో తుడుచుకుని మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది.

సైప్రస్ చెట్ల కింద ఊడవడం మిగతా చెట్ల కింద ఊడ్చినట్టు కాదు. రాలేవి ఆకులు కావు, సన్నటి పొలుసులు. ఇటుకల సందుల్లో దూరి కూర్చుంటాయి. గట్టిగా లాగితే దుమ్ము లేస్తుంది, మెల్లగా లాగితే కదలవు. వెదురు చీపురును బాగా వాల్చి, జుట్టు దువ్వినట్టు పక్కకి లాగాలి. షూజెన్ పెళ్ళికి ముందు నుంచీ ఈ ఆకాశ దేవాలయం తోటలోనే ఊడుస్తోంది. అందుకే ఆమె కుడి భుజం ఎడమ దానికంటే కిందికి దిగిపోయింది. పొట్టి మనిషి, వెడల్పాటి నడుము. ఏటేటా ఉత్తరపు గాలికి పగిలి పగిలి బుగ్గలు ఎర్రగా ఉండిపోయాయి. ముందు పళ్ళు రెండూ ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటాయని నవ్వేటప్పుడు చేయి అడ్డం పెట్టుకుంటుంది. మా బంగారు చేపల చెరువు సందులో ఆమెను పళ్ళు కనబడేలా నవ్వగా చూసినవాళ్ళు లేరు. చెరువూ లేదు, చేపలూ లేవనుకోండి, పేరు మాత్రం మిగిలింది.

అది వసంతం మొదట్లో ఒక రోజు. ఎక్కడి ఎడారి దుమ్మో గాలిలో వచ్చి, చెట్ల పైన కనిపించే ప్రార్థన మందిరం నీలి పెంకుల కప్పు పసుపు పూసినట్టు అయిపోయింది. చెట్ల మొదళ్ళలో ఊదారంగు పూలు అప్పుడప్పుడే విచ్చుకుంటున్నాయి. దూరంగా పొడుగాటి వసారాలో ఎవరో ముసలమ్మ నాటకం పాట ఎత్తుకుంది. పేకాట వాళ్ళు ఆవిణ్ణి కసురుకుంటున్నారు. రోజూ ఉండే గోలే.

షూజెన్ కళ్ళు మాత్రం ఉత్తర ద్వారం దారి మీదే ఉన్నాయి. గ్వాన్ పెద్దాయన ఇంకా రాలేదు. ఆయన రాకపోతే బాగుండునని ఆ రోజు మొదటిసారి అనుకుంది.

గ్వాన్ ఊరగాయల దుకాణంలో పనిచేసి రిటైరైన మనిషి. నిటారుగా నడుస్తాడు. చెవులు రెండూ దాదాపు పోయాయి. అయినా ఈ చెట్ల కింద పంజరాలు తగిలించే పక్షులవాళ్ళలో ఆయన మాటే మాట. ఎందుకంటే ఆయన పంజరంలోని పాటపిట్ట పదమూడు పాటలూ వరస తప్పకుండా పాడుతుంది. ఉత్తరాది గడ్డిమైదానాల పిట్ట అది. విన్న చప్పుడల్లా నేర్చుకుంటుంది. అందుకే దాన్ని పెంచడం మాటలు కాదు. పిచ్చుకల గుంపు, కోడిపెట్ట, పిల్లి, గద్ద, ఇలా పెద్దలు పెట్టిన వరస ఒకటుంది. అందులో లేని చప్పుడు ఒక్కటి నేర్చిందా, దాని నోరు మైలపడినట్టే. మైలనోటి పిట్టను మిగతావాళ్ళు తమ పంజరాల దరిదాపులకు రానివ్వరు. ఒకదాని నుంచి ఒకటి అంటించుకుంటాయి మరి. కొందరు అలాంటి పిట్టను వదిలేస్తారు. కొందరు పిల్లికి వేస్తారు. పెంచినవాడు మాత్రం మళ్ళీ ఆ గుంపులో తలెత్తుకుని నిలబడలేడు.

గ్వాన్ పిట్ట నోరు మైలపడింది. ఆ సంగతి లోకంలో షూజెన్‌కు ఒక్కదానికే తెలుసు. మైలపరిచింది ఆమే.

ఇదంతా నీళ్ళబండి దగ్గర మొదలైంది. పదమూడు పాటల్లో గద్ద తర్వాత వచ్చేది నీళ్ళబండి. కొళాయిలు రాకముందు, ఒంటిచక్రం బండి మీద నీళ్ళ పీపాలు పెట్టి సందుసందుకీ తోసుకుంటూ పోయేవారు. చక్రం కీచు, కీచుమనేది. దారిలో పడుకున్న కుక్క కాలు దాని కింద పడి కుయ్యిమనేది. పిట్ట ఆ రెండూ పాడుతుంది, ముందు చక్రం, తర్వాత కుక్క. ఆ బండ్లు పోయి ఎంత కాలమైందో. పిట్టలు ఒకదాన్నించి ఒకటి నేర్చుకుంటూ వచ్చాయి గనక ఆ చప్పుడు వాటి గొంతుల్లో మిగిలింది.

షూజెన్ నాన్న అలాంటి బండి తోసినవాడు. షాండోంగ్ నుంచి వచ్చి, ఈ ఊళ్ళో పెద్దవాళ్ళ వాకిళ్ళలో నీళ్ళు పోసి పోసి, ఆమె చిన్నప్పుడే పోయాడు. ఆయన ముఖం ఆమెకు సరిగా గుర్తులేదు. చక్రం చప్పుడు గుర్తుంది. అది వినబడగానే అమ్మ పొయ్యి మీద నూడుల్స్‌కు నీళ్ళు పెట్టేది. ఈ చెట్ల కింద మొదటిసారి పిట్ట నోట ఆ చప్పుడు విన్న రోజున షూజెన్ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ తర్వాత దక్షిణం వైపు గుండ్రటి రాతి వేదిక దగ్గర తేలిక పని ఇస్తామన్నా వెళ్ళలేదు. ఎందుకే అని భర్త ఛాంగ్ అడిగితే, "అక్కడ గాలి ఎక్కువ" అంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా అతనికి అసలు సంగతి చెప్పలేదు. చెబితే నవ్వుతాడని కాదు, ఎలా చెప్పాలో తెలియక.

ఈ చలికాలం ఆమెకు దగ్గు పట్టుకుంది. ఛాంగ్ ఊరందరి స్నానాల ఇంట్లో నీళ్ళు కాచే పని చేస్తాడు. రాత్రి ఇంటికొచ్చి, "నీ దగ్గుకి పొయ్యిలో బొగ్గు కూడా నిద్రపోవడం లేదు, డాక్టరు దగ్గరికి పోవే" అనేవాడు. "వచ్చే ఏడు పింఛను రాగానే పోతా" అనేది ఆమె. పక్షులవాళ్ళ ముందు మాత్రం దగ్గేది కాదు. వాళ్ళ పిట్టల సంగతి ఆమెకు తెలియనిది కాదు. దగ్గు వస్తే మింగేది, ఆగకపోతే గోడ వెనక్కి పరిగెత్తేది. కానీ చలి ముదిరాక మిగతావాళ్ళు రావడం మానేశారు. తెల్లవారుతూనే గ్వాన్ ఒక్కడే వచ్చేవాడు. ఆయనకు వినబడదు కదా. పిట్ట నీళ్ళబండి అందుకునే వేళకి ఆమె చెట్టు కిందికి వచ్చి, ఆ చక్రం చప్పుడు తిన్నగా విని, గుండె తేలికపడి, హాయిగా దగ్గేది. చెవిటివాడి ముందు సిగ్గేమిటి అనుకుంది. పంజరంలో ఉన్నదానికి చెవులున్నాయన్న మాట మరిచిపోయింది.

కొత్త సంవత్సరం పండుగ వెళ్ళాక ఒక పొద్దున పిట్ట చక్రం పాడి, కుక్క దగ్గరికి వచ్చేసరికి రెండు పొడి దగ్గులు దగ్గింది.

అప్పటి నుంచి ఆమెకు అదొక పనైపోయింది. పిట్ట గద్ద పాట ముగించగానే చెత్త ఎత్తే రేకు చేటను నేల మీద జారవిడిచేది. చప్పుడుకి పిట్ట బెదిరి పాట ఆపేది. మళ్ళీ మొదటి నుంచి అందుకోవడానికి చాలాసేపు పట్టేది. చలి తగ్గి మళ్ళీ వస్తున్న పక్షులవాళ్ళు విసుక్కునేవారు. మెంగ్ అనే లావాటి ఆయన, ఒకప్పుడు బస్సు కండక్టరు, ఊరుకునేవాడు కాదు.

"లువాన్ వదినా, ఆ చేట నీకు బరువైతే మెడలో కట్టుకో. గంటలా మోగుతుంది, నువ్వెక్కడున్నావో మాకూ తెలుస్తుంది."

ఆమె తల వంచుకుని చేట తీసుకునేది. తిట్లు పడితే పోయేదేముంది. కానీ ఎన్నాళ్ళిలా?

ఆ రోజుతో ఆ దారి మూసుకుపోయింది. నిన్ననే గ్వాన్ గర్వంగా అందరికీ చెప్పాడు, జాంగ్‌జియాకౌ నుంచి పాంగ్ అనే మనిషి తన పడుచు పిట్టను తీసుకువస్తున్నాడని, దాన్ని తన పిట్ట పక్కన వేలాడదీసి పాట నేర్పిస్తాడని. పడుచు పిట్ట అంటే తడి మట్టి. ఏది పడితే అది అంటుకుంటుంది. దగ్గు ఆ ఊరికి పోతుంది, అక్కడి నుంచి ఇంకో పిట్టకి పోతుంది.

వాళ్ళు వచ్చారు. పాంగ్ నడివయసు మనిషి, రైలులో నలిగిన కోటు, నోరారా నవ్వు. గుడ్డ కప్పిన పంజరాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. గ్వాన్ చూపించిన కొమ్మకు దాన్ని తగిలించి, గుడ్డ తీయకుండానే చేతులు దులుపుకున్నాడు. పడుచు పిట్ట చీకట్లో కూర్చుని వింటేనే బాగా వంటబడుతుంది.

"గురువుగారూ, మీరు మొదలుపెట్టండి. నేను గుడి చూసి వస్తా. చూడకుండా ఇంటికెళితే మా ఆవిడ గడప తొక్కనివ్వదు."

"పిట్టను చూసుకోవా?" అన్నాడు మెంగ్.

"మీరంతా ఉన్నారుగా అన్నయ్యా. చక్రవర్తులు మొక్కిన చోటట, నా కోసం కూడా ఒక మొక్కు మొక్కి వస్తా."

అతను ప్రార్థన మందిరం వైపు వెళ్ళిపోయాడు. గ్వాన్ తన పంజరం మీది నీలం గుడ్డ పైకి మడిచాడు. పిట్ట మధ్యలోని చిన్న పీట మీదికి ఎక్కి, రెక్కలు సర్దుకుని, ఒకసారి నలుదిక్కులా చూసి పిచ్చుకల గుంపు అందుకుంది. గ్వాన్ కళ్ళు దాని గొంతు మీదే. ఆయన పాట వినడు, చూస్తాడు. గొంతు ఎలా ఉబ్బితే ఏ పాటో ఆయనకు తెలుసు. పెదవులు దానితో పాటు కదులుతాయి.

పిచ్చుకలయ్యాయి. కోడిపెట్ట గుడ్డు పెట్టి కొక్కొక్కొమంది. పిల్లి వచ్చింది. షూజెన్ చేట చేతిలోకి తీసుకుంది. గద్ద కాగానే వదిలేసింది. రేకు ఇటుకల మీద ఖంగుమని మోగింది. పిట్ట ఆగిపోయింది.

"ఇవాళ కూడానా వదినా," అన్నాడు మెంగ్. ఈసారి అతని గొంతులో హాస్యం లేదు. "పై ఊరి నుంచి మనిషి వచ్చాడు. ఇవాళొక్కరోజు ఆ మూలకి పోయి ఊడ్చుకో."

"పోతాను మెంగన్నా," అంది. పోలేదు.

గ్వాన్ పంజరం వైపు వంగి నాలుకతో చిన్నగా టకటకలాడించాడు. పిట్ట మళ్ళీ సర్దుకుంది. పిచ్చుకలు మొదలుపెట్టింది. ఈ తడవ మంచి ఊపు మీద ఉంది, గబగబా పోతోంది.

చెప్పాలి. ఎలా చెప్పాలి? వేరే మనిషికైతే పక్కకు పిలిచి చెవిలో చెప్పొచ్చు. గ్వాన్‌కు చెవిలో చెప్పడమంటే తోటంతా వినేలా చెప్పడమే. ఆమె చీపురు చెట్టుకు ఆనించి, వెళ్ళి ఆయన చేయి పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆమె ఆయన్ని ముట్టుకోవడం అదే మొదలు.

"గ్వాన్ పెదనాన్నా, గుడ్డ దించండి. మీ పిట్ట దగ్గుతోంది."

"ఆఁ?"

"మీ పిట్ట దగ్గుతోంది."

గ్వాన్ ముఖం విప్పారింది. "నెగ్గుతోందా? నెగ్గక ఏం చేస్తుందమ్మాయ్. ఈ గుంపులో దీన్ని నెగ్గేది ఏదీ?"

పక్షులవాళ్ళు నవ్వారు. మెంగ్ కూడా నవ్వాడు. పిట్ట పిల్లి దాటి గద్దలోకి వచ్చింది. షూజెన్ మడమలెత్తి, ఆయన చెవికి నోరు ఆనించి, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని అరిచింది.

"దగ్గు, పెదనాన్నా. నా దగ్గు. నా దగ్గు నేర్చుకుంది."

ఆ అరుపుకి గొంతు చీరుకుపోయింది. తెల్లవారిన దగ్గర నుంచి మింగినదంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది. ఆమె ఆయన చేయి వదిలి, మోకాళ్ళు పట్టుకుని వంగిపోయి దగ్గింది. ఆపుకోలేకపోయింది. దగ్గు తగ్గి ఆమె తలెత్తేసరికి పంజరంలో నీళ్ళబండి చక్రం తిరుగుతోంది. కీచు, కీచు, కీచు. తర్వాత రెండు పొడి దగ్గులు, చివర్న చిన్న గుటక. మింగడం కూడా నేర్చుకుంది అది.

మెంగ్ ముందుగా కదిలాడు. తన పంజరం మీద గుడ్డ దించేసి, పాంగ్ పంజరాన్ని కొమ్మ నుంచి తీసి దూరంగా చివరి చెట్టుకు తగిలించి వచ్చాడు. మిగతావాళ్ళు కూడా గుడ్డలు దించుకుని పంజరాలు తీసుకున్నారు. ఒకాయన వెళుతూ వెళుతూ గ్వాన్‌కు తల వంచి నమస్కరించాడు. చావు ఇంటి నుంచి వెళ్ళేవాళ్ళు అలా వంచుతారు.

"నేల ఊడవమని కదా వదినా నీకు చీపురిచ్చింది," అన్నాడు మెంగ్. "పెద్దాయన ముప్పై ఏళ్ళ పరువు కూడా ఊడ్చేశావు." అని, పంజరం తీసుకుని వెళ్ళిపోయాడు.

గ్వాన్‌కు దగ్గు వినబడలేదు. ఖాళీ అయిన కొమ్మలు కనబడ్డాయి. ఆయన పిట్ట వంక చూశాడు, ఆమె వంక చూశాడు, గుడ్డ మెల్లగా కిందికి దించి అంచులు సరిచేశాడు. తర్వాత చెట్టు చుట్టూ కట్టిన ఇనప కంచె పక్కనున్న రాతి మీద కూర్చున్నాడు. షూజెన్ నిలబడే ఉంది.

"ఎప్పట్నుంచి?"

"పండగ వెళ్ళినప్పట్నుంచి," అని అరిచింది. ఇప్పుడు అరిచినా వినేవాళ్ళు లేరు.

"నీళ్ళబండి తర్వాత కదూ? ఆ చోట గొంతు రెండుసార్లు ఎగురుతుంటే చూశాను. కుక్కేననుకున్నాను. చూపు కూడా పోయిందన్నమాట నాకు."

"నన్ను తిట్టండి పెదనాన్నా."

"తిడితే దాని నోట్లోంచి పోతుందా?" ఆయన కాసేపు మోకాళ్ళు రుద్దుకున్నాడు. "అమ్మాయ్, ఇలా కూర్చో. ఒకటి చెప్తా విను. ఈ పిట్టకి పిల్లి పాట నేర్పడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది. ఇంట్లో పిల్లి రోజూ అరిచేది. అయినా దీనికి రాలేదు, ఆ పిల్లి పూటకో రకంగా అరిచేది గనక. ఒక్కటే చప్పుడు, ఒక్కలాగే, రోజూ, ఎడతెరిపి లేకుండా వింటే గాని ఇది నోట పట్టదు." ఆయన ఆమె వైపు చూడకుండా అన్నాడు. "ఒక్క చలికాలంలో నీ దగ్గు నోటికొచ్చిందంటే, అది జలుబు దగ్గు కాదమ్మాయ్. రేపే వెళ్ళి చూపించుకో. పింఛను, పని, ఇవేవీ చెప్పకు నాకు."

ఆమెకు అంతవరకూ భయం పిట్ట గురించే. తన గురించి భయపడొచ్చన్న ఆలోచన అప్పుడు కలిగింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అరచేతుల్లో చీపురు కర్ర వల్ల కాచిన కాయలు పచ్చగా, నున్నగా ఉన్నాయి.

"మీరింక ఇక్కడికి రారా?" అని ఆయన చెవి దగ్గర అరిచి అడిగింది చివరికి.

"ఎలా వస్తాను? వాళ్ళ పిట్టలు పాడవవూ." పంజరాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. "దీన్ని వదలనులే, భయపడకు. ఇంట్లో ఉంటుంది. నాకెలాగూ వినబడదు. నీళ్ళబండి మాత్రం ఎవరు నేర్పారనుకుంటున్నావు దీనికి? ఎవడో పాపం బండి తోసుకుంటూ తన దారిన పోయాడు. ఏదో పిట్ట విన్నది. ఆ పూట అదీ మైలే అయ్యుంటుంది."

"మా నాన్న తోసేవాడు పెదనాన్నా," అంది షూజెన్. మామూలు గొంతుతో అంది. ఆయనకు వినబడలేదు. ఆయన తన దారిన తల ఊపుతూనే ఉన్నాడు. ఆమె మళ్ళీ అరిచి చెప్పలేదు.

పాంగ్ గుడి చూసి తిరిగొచ్చాడు, చేతిలో తీపి పూత పూసిన ఎర్రపళ్ళ పుల్ల ఒకటి. "గురువుగారూ, ఆ గుండ్రటి వేదిక మధ్య రాయి మీద నిలబడి మా ఆవిడ పేరు పిలిచా. ఆకాశమంతా కలిసి పిలిచినట్టుంది. వెనకనున్న జనం నవ్వారనుకోండి," అంటూ వచ్చి, ఖాళీ చెట్లు చూసి ఆగిపోయాడు.

"నీ పిట్ట చివరి చెట్టుకి ఉంది నాయనా, తీసుకుపో. నా దాని నోరు మైలపడింది."

"అయ్యయ్యో. ఎవరివల్ల గురువుగారూ?" అని పాంగ్ ఆయన చెవి దగ్గరికి వంగి అరిచాడు.

"ముసలాణ్ణి. చలికాలమంతా దగ్గాను," అన్నాడు గ్వాన్.

పాంగ్ చేతిలోని పుల్లను ఎక్కడ పెట్టాలో తోచక చివరికి షూజెన్‌కు ఇచ్చేసి, తన పంజరం వైపు పరిగెత్తాడు.

గ్వాన్ వెళ్ళిపోయాక ఆమె మిగిలిన చోటంతా ఊడ్చింది. ఇప్పుడు ఎంత కావాలంటే అంత దగ్గొచ్చు. దగ్గింది. ప్రతి దగ్గునూ కొత్తగా విన్నది. మధ్యాహ్నం రొట్టె, ముల్లంగి ఊరగాయ తినబోతే లోపలికి పోలేదు. పొద్దు వాలే వేళకు మెంగ్ మళ్ళీ కనిపించాడు. పంజరం లేదు. దారికి అవతలే నిలబడ్డాడు.

"బేరిపళ్ళు కలకండ వేసి ఉడకబెట్టి తాగు వదినా," అన్నాడు. "మా అమ్మ తాగేది."

"తగ్గిందా మెంగన్నా?"

"తాగినంతసేపు హాయిగా ఉండేది," అని, చేతులు వెనక్కి కట్టుకుని వెళ్ళిపోయాడు.

షూజెన్ పనిముట్ల గది దగ్గర కొళాయి కింద చేతులు, ముఖం కడుక్కుంది. కోటు చేతులు మాసిపోకుండా మణికట్టు నుంచి మోచేతుల దాకా తొడుక్కునే నీలిరంగు తొడుగులు విప్పి, సబ్బు పెట్టి ఉతికి, రేపటికి ఆరతాయని పక్కనున్న లిలాక్ పూలపొద కొమ్మకు వేసింది. ఉత్తర ద్వారం గుండా ఇంటికి నడిచింది. మర్నాడు ఛాంగ్ పనికి సెలవు పెట్టి ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి వాళ్ళు ఇంటికి పంపలేదు. సైప్రస్ చెట్ల కింద ఊదారంగు పూలు నేలంతా పరుచుకుని ఉండగానే, ఒక మధ్యాహ్నం, షూజెన్ నిద్రలోనే పోయింది. మా సందులో నూడుల్స్ కోసం పొయ్యిల మీద నీళ్ళు పెట్టే వేళ అది.

ఆ చెట్ల కిందికి ఊడవడానికి వేరే మనిషి వచ్చింది. కొమ్మకున్న తొడుగులు ఎవరివో తెలియక, ఎవరైనా వస్తారేమోనని ముట్టుకోలేదు. గాలిదుమ్ము వాటిని పసుపు చేసింది, వాన మళ్ళీ నీలం చేసింది. లిలాక్ విరగబూసి కొమ్మ వంగినా అవి జారిపడలేదు. రెండింటికీ మోచేతి దగ్గర పడిన మడత అలాగే ఉంది. కుడిదానికి కాస్త ఎక్కువ.